పైపులు చూడకుండా ఇల్లు కొంటే

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత ఫ్లాటు కొనబోయేవాళ్లు కాగితాల విషయంలో చాలా జాగ్రత్తగానే ఉంటారు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు. ప్లాను అప్రూవల్ ఉందా, యూడీఎస్ (స్థలంలో ఫ్లాటుకు దక్కే ఉమ్మడి వాటా) ఎన్ని గజాలు అని గుచ్చిగుచ్చి అడుగుతారు. వాస్తు తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్లి ఈశాన్యం ఎలా ఉందో, మరుగుదొడ్డి ఏ మూలన పడిందో కనుక్కుంటారు. ఇంత చేసినవాళ్లు కూడా వంటింట్లో ఒక కుళాయి తిప్పి, నీళ్లు వస్తున్నాయి కదా అనుకుని, కట్టేసి వచ్చేస్తారు. ప్లంబింగ్ తనిఖీ అంటే చాలామందికి అంతే. గోడల్లో, నేలకింద, స్లాబులో దాగి ఉన్న పైపుల ఊసు బయానా ఇచ్చేదాకా ఎవరూ ఎత్తరు. గృహప్రవేశమై రెండు నెలలు గడిచాక ఇంట్లో ఆ ఊసు తప్ప వేరే ఉండదు.

అమ్మకానికి పెట్టిన ఇల్లు సాధారణంగా ఖాళీగా ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన నగరాల్లో నీటి సరఫరాను మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన అంచనా వేస్తారు. ఆ లెక్కన నలుగురు కాపురముండే ఇంట్లో రోజుకు 500 లీటర్ల పైనే నీళ్లు పైపుల్లోంచి పారుతుంటాయి. లీకేజీ ఉంటే ఏదో ఒకచోట గోడ చెమ్మగిల్లుతుంది, పెచ్చులు లేస్తాయి, ఉప్పు పొంగుతుంది. ఆరు నెలలు తాళం పడిన ఇంట్లో ఇవేవీ కనిపించవు. అక్కడ పారే నీళ్లే లేవు, ఉన్న తడి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఆపైన రెండు పూతల పుట్టీ, రంగు పడితే గోడ కొత్తదానిలా మెరుస్తుంది. అమ్మేవాళ్లంతా కావాలని దాస్తారని కాదు. అమ్మే ముందు రంగులు వేయించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కానీ మిగతా గోడలన్నీ పాత రంగుతో ఉండి, బాత్‌రూమ్‌ను ఆనుకున్న బెడ్‌రూమ్ గోడకు మాత్రమే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగాల్సిందే. బాత్‌రూమ్‌లో ఒక్క వరస టైల్స్ రంగు కాస్త తేడాగా ఉంటే అక్కడ ఎప్పుడో తవ్వి ఉంటారు. ఎందుకు తవ్వాల్సి వచ్చిందో కూడా తెలుసుకోవాలి.

కొన్నాక లోపం బయటపడితే అమ్మినవాళ్లను పట్టుకోవచ్చు కదా అని కొందరి ధీమా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ఈ విషయం చెబుతుంది. ఆస్తిలో ముఖ్యమైన లోపం ఉందని తెలిసిన అమ్మకందారు దాన్ని కొనుగోలుదారుకు చెప్పి తీరాలి. అయితే ఆ బాధ్యతకు ఒక హద్దు ఉంది. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపానికి అది వర్తించదు. ఒక ప్లంబరును తీసుకొచ్చి రెండు గంటలు చూపిస్తే తెలిసే విషయాన్ని చూపించుకోకుండా కొన్నవాళ్లు, తర్వాత కోర్టులో ఏమని వాదించాలి? అమ్మినవాళ్లకు ఆ లోపం ముందే తెలుసని రుజువు చేయడం ఇంకా కష్టం. ఇంటి ధరతో పోలిస్తే పైపు మరమ్మతు చిన్నదే కాబట్టి లాయరు దాకా వెళ్లేవాళ్లు కూడా తక్కువే. ఉసూరుమంటూ సొంత డబ్బుతో టైల్స్ పగలగొట్టించుకుంటారు.

కొత్త ఫ్లాట్లకు పరిస్థితి కొంత నయం. 2016లో వచ్చిన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం సెక్షన్ 14 ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, సదుపాయాల్లో గానీ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఈ హక్కు మొదట కొన్నవారితో ఆగిపోదు. చట్టంలోని నిర్వచనం ప్రకారం వారి దగ్గర తర్వాత కొన్నవారు కూడా దాని కిందికి వస్తారు. అంటే రెరా పరిధిలోని ప్రాజెక్టులో మూడేళ్ల ఫ్లాటు రీసేల్‌లో కొన్నా ఇంకా రెండేళ్ల రక్షణ మిగిలి ఉంటుంది. అందుకే అలాంటి ఫ్లాటు కొనేటప్పుడు స్వాధీనం చేసిన తేదీ ఉన్న కాగితం తప్పక అడిగి తీసుకోవాలి. పాతికేళ్ల అపార్ట్‌మెంటుకో, స్థలం కొని మేస్త్రీతో కట్టించిన ఇండిపెండెంట్ ఇంటికో ఈ రక్షణ లేదు.

బ్యాంకు లోను మంజూరైతే ఇల్లు బాగున్నట్టే అనుకోవడం మరో పొరపాటు. బ్యాంకు తరఫున వచ్చే వాల్యుయరు చూసేది బ్యాంకు డబ్బుకు భద్రత ఉందా లేదా అని. మార్కెట్ ధర, ప్లానుకు మించి కట్టారా, భవనం వయసు ఎంత, ఇవి ఆయన రిపోర్టులో ఉంటాయి. నహానీ ట్రాపు (బాత్‌రూమ్ నేలలో నీళ్లు దిగే జాలీ కింది గిన్నె) కింద నీళ్లు కారుతున్నాయేమో చూడటం ఆయన పని కాదు.

ఇంటి వయసు తెలిస్తే గోడలో ఏ పైపు ఉందో సుమారుగా ఊహించవచ్చు. 1990ల దాకా కట్టిన ఇళ్లలో ఎక్కువగా జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులే. వాటి మీది జింకు పూత కాలంతో అరిగిపోయి లోపల తుప్పు పేరుకుంటుంది. దానికి బోరు నీళ్ల ఉప్పు తోడైతే అరంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందు కూడా మిగలదు. ఒక కుళాయి తిప్పితే నీళ్లు బాగానే వస్తాయి. వంటింట్లో సింకు, బాత్‌రూమ్‌లో షవరు ఒకేసారి తిప్పి చూస్తే బండారం బయటపడుతుంది. పొద్దున్నే మొదట వచ్చే నీళ్లు ఎర్రగా ఉన్నా అదే సూచన. ఆ కాలపు అపార్ట్‌మెంట్లలో మురుగు దింపే నిలువు పైపులు కాస్ట్ ఐరన్‌వో, సిమెంటువో ఉండేవి. డక్టులోకి (పైపులు దిగే నిలువు సందులోకి) తల పెట్టి చూస్తే వాటి జాయింట్ల దగ్గర పచ్చటి నాచు, మొలిచిన రావి మొక్కలు కనిపిస్తాయి. రావి మొక్క ఉన్నచోట తడి ఉన్నట్టే.

2000 తర్వాతి ఇళ్లలో సీపీవీసీ, యూపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వచ్చాయి. ఇవి తుప్పు పట్టవు. అంతమాత్రాన బెంగ లేదనుకోకూడదు. సీపీవీసీ దాదాపు 93 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది, మామూలు యూపీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. గీజరు నీళ్లు 60 డిగ్రీలు సులభంగా దాటుతాయి. నాలుగు రూపాయలు మిగులుతాయని వేడినీళ్ల లైనులో కూడా యూపీవీసీ వేసేసిన ఇళ్లు ఉన్నాయి. గోడ మూసేశాక తెలిసే దారి లేదు. గీజరు దగ్గర బయటికి వచ్చిన ముక్కను చూడాలి. తెల్లగా ఉంటే అనుమానించాలి, లేత మీగడ రంగులో ఉంటే సీపీవీసీ. డాబా మీద ఎండలో పడి ఉన్న పైపులకు రంగు గానీ కప్పు గానీ లేకపోతే కొన్నేళ్లకే పెళుసెక్కుతాయి. వాటిని గట్టిగా పట్టుకుని కదిపితే చాలు, చప్పుడుతో సహా తెలిసిపోతుంది.

ఇక్కడే మరో సంగతి చెప్పుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ప్రతి పది మీటర్ల దిగువకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. ఐదంతస్తుల భవనంలో కింది ఫ్లాటుకు కిలోన్నర ఒత్తిడి ఉంటే, పై ఫ్లాటుకు పావుకిలో కూడా రాదు. పై ఫ్లాటు కొన్నవాళ్లు షవరు సరిగా రావడం లేదని ప్రెజర్ పంపు పెట్టిస్తారు. ఇరవై ఏళ్లుగా పావుకిలోకు అలవాటుపడిన జాయింట్ల మీద ఒక్కసారిగా రెండు కిలోలు పడతాయి. పాత యజమాని హయాంలో ఒక్క చుక్క కారని ఇల్లు కొత్తవాళ్లు రాగానే కారడం మొదలైతే అమ్మినవాళ్లు మోసం చేశారని అనుకోవడం సహజం. చాలాసార్లు కారణం ఈ పంపే.

అన్నిటికన్నా ఎక్కువ తగాదాలు తెచ్చేది బాత్‌రూమ్ సన్‌కెన్ స్లాబు. బాత్‌రూమ్ ఉన్నచోట స్లాబును మిగతా గదులకన్నా అడుగో, కాస్త తక్కువో కిందికి దించి పోస్తారు. ఆ గుంతలో నహానీ ట్రాపు, కమోడు బెండు, పైపులు పరిచి, ఇటుక ముక్కలతోనో సిండరుతోనో (కాలిన బొగ్గు గడ్డలతోనో) నింపి, పైన కాంక్రీటు, టైల్స్ వేస్తారు. ట్రాపు చుట్టూ సిమెంటు పగిలినా, టైల్స్ మధ్య గ్రౌటు రాలిపోయినా నీళ్లు ఆ నింపుడులోకి దిగుతాయి. ఇటుక ముక్కలు వాటిని పీల్చుకుంటాయి. నెలల తరబడి గుంత నిండుతూ ఉంటుంది. పైన టైల్స్ మాత్రం పొడిగానే ఉంటాయి. చివరకు బీము పక్కనున్న సన్నటి పగులులోంచో, పైపు స్లాబును దాటే కన్నంలోంచో నీళ్లు దారి చేసుకుని కింది ఫ్లాటు సీలింగు మీద గోధుమరంగు వలయంలా తేలతాయి. మూడో అంతస్తు ఫ్లాటులో లోపం ఉంటే దాని ఆనవాళ్లు రెండో అంతస్తులో కనిపిస్తాయన్నమాట.

కాబట్టి మూడో అంతస్తు ఫ్లాటు కొనేవాళ్లు రెండో అంతస్తు తలుపు తట్టి, పరిచయం చేసుకుని, వాళ్ల బాత్‌రూమ్ సీలింగు ఒకసారి చూపించమని అడగాలి. మొహమాటపడాల్సిన పనేమీ లేదు. పైవాళ్ల నీళ్లతో రెండేళ్లుగా విసిగిపోయినవాళ్లు అడగకముందే అంతా చెబుతారు. అలాగే కొనబోయే ఫ్లాటు బాత్‌రూమ్‌లో తల పైకెత్తి చూడాలి. అక్కడ పీవీసీ ఫాల్స్ సీలింగు ఉంటే ఒక పలక తీయించి టార్చి వేయాలి. పైన ఉప్పు పొంగి, చువ్వలు తేలి, కాంక్రీటు రాలుతూ ఉంటే సమస్య ప్లంబింగ్‌ను దాటిపోయింది. నిరంతరం తడిసే స్లాబులో ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పైపు జాయింటు మార్చడానికి ఒక పూట చాలు. బాత్‌రూమ్ మొత్తం తవ్వి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, స్లాబు అడుగున చువ్వలు శుభ్రం చేయించి మళ్లీ టైల్స్ వేయడానికి వారాలు పడుతుంది. అదీ పైవాళ్లు ఒప్పుకుంటేనే. అపార్ట్‌మెంట్లలో డక్టులోని నిలువు పైపులు అందరివీ కాబట్టి ఖర్చు అసోసియేషను చూసుకుంటుంది. ఫ్లాటు లోపలి పైపులు ఆ ఫ్లాటు యజమానివి. ఈ రెండూ కలిసే జాయింటు ఎవరిదన్న దగ్గర తగవు మొదలై సంవత్సరాలు సాగుతుంది. అసోసియేషను మీటింగుల మినిట్స్ అడిగి చదివితే ఇలాంటి గొడవలు ముందే తెలుస్తాయి. వాచ్‌మన్‌ను అడిగినా ప్లంబరు ఏ ఫ్లాటుకు ఎన్నిసార్లు వచ్చాడో చెబుతాడు.

మురుగు పైపులకు వాలే ప్రాణం. నాలుగంగుళాల పైపు సుమారు నలభై అడుగులు సాగితే ఒక అడుగు దిగాలి. అంతకన్నా తక్కువైతే నీళ్లు పోతాయి గానీ మలినం మిగిలిపోతుంది. ఇక్కడ వాస్తు మార్పుల ప్రస్తావన రాక తప్పదు. ఇల్లు కట్టిన పదేళ్లకు, ఏదో ఇబ్బంది వచ్చి, ఈశాన్యంలో ఉన్న టాయిలెట్‌ను వాయవ్యానికి మార్చిన ఇళ్లు మన దగ్గర చాలా కనిపిస్తాయి. వాస్తు మీద నమ్మకం వాళ్ల ఇష్టం. కానీ కొత్త చోటు నుంచి పాత ఛాంబరు (మురుగు పైపులు కలిసే గుంత) దాకా పైపు లాగేటప్పుడు కావలసిన వాలు దొరక్క, రెండు మూడు బెండ్లు వేసి, నేల ఎత్తు పెంచి ఎలాగోలా సర్దేస్తారు. బాత్‌రూమ్ నేల పక్కగది కన్నా ఎత్తుగా ఉంటే, గడప దగ్గర మెట్టు ఎక్కాల్సి వస్తే, ఆ టాయిలెట్‌ను తర్వాత మార్చారని దాదాపు చెప్పేయవచ్చు. అలాంటిచోట ఫ్లష్ ఒకసారి కాదు, వరసగా నాలుగైదుసార్లు కొట్టి, బయట ఛాంబరు మూత తీయించి నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో చూడాలి. ఒకరు లోపల, ఒకరు ఛాంబరు దగ్గర నిలబడితే చాలు.

మూసి ఉన్న ఇంట్లో మురుగు వాసన వస్తే వెంటనే కంగారు పడనక్కర్లేదు. ట్రాపుల్లో ఉండాల్సిన రెండంగుళాల నీరు ఎండిపోతే గ్యాసు పైకి వస్తుంది, బొద్దింకలు వస్తాయి. ప్రతి ట్రాపులో ఒక మగ్గు నీళ్లు పోసి, రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాలి. అప్పటికీ వాసన ఉంటే వెంటు పైపు (మురుగు గ్యాసు బయటికి పోయే పైపు) లేకపోవడమో, నేలకింద జాయింటు విడిపోవడమో కారణం.

ఇండిపెండెంట్ ఇళ్లలో చూడాల్సినవి ఇంకా ఎక్కువ. నగర శివార్లలో భూగర్భ డ్రైనేజీ రాని కాలనీలు ఇంకా ఉన్నాయి. ‘డ్రైనేజీ ఉంది’ అన్న మాటకు అక్కడ సెప్టిక్ ట్యాంకు అనో, వాన నీటి కాలువలోకి వదిలేశారనో అర్థం కావచ్చు. కనెక్షను నిజంగా ఉంటే హైదరాబాద్‌లో జలమండలి (నీటి సరఫరా, మురుగు బోర్డు) బిల్లులో, మంజూరు కాగితంలో కనిపిస్తుంది. క్యాన్ నంబరు (నీటి కనెక్షను ఖాతా నంబరు) తీసుకుని బకాయిలు ఎంతున్నాయో కూడా చూసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనాలి. దాని మూత మీద టైల్స్ వేసి కారు పార్కింగు చేసేశారంటే ఖాళీ చేయించే రోజున వాటిని పగలగొట్టాల్సిందే. బోరుకూ, సంపుకూ అది ఎంత దూరంలో ఉందన్నది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. నూటయాభై గజాల స్థలంలో సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు మూడూ ఉన్నాయంటే, కావలసినంత ఎడం ఉండే అవకాశం తక్కువ. అలాంటి ఇంటి నీళ్లను పరీక్షకు పంపకుండా కొనడం పిల్లలున్నవాళ్లకు అసలే మంచిది కాదు. త్రాగునీటికి భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడే 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము, ఎక్కువలో ఎక్కువ 1.5. నల్లగొండ జిల్లా బోర్ల నీళ్లు ఎన్ని తరాల ఎముకలను వంచాయో తెలిసినవాళ్లకు ఈ అంకెల విలువ చెప్పనక్కర్లేదు.

వరదనీరు చేరిన ప్రాంతాల సంగతి వేరుగా చూడాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు, సంపులూ మురుగు ఛాంబర్లూ ఒకే నీటిలో మునిగాయి. వరద తీశాక ఇళ్లు కడిగి రంగులు వేసుకున్నారు. మట్టి కుంగి విడిపోయిన భూగర్భ పైపులు, పగిలిన సంపు గోడలు అందరూ చూసుకుని ఉంటారని చెప్పలేం. ఆ వీధుల్లో కొనేటప్పుడు సంపు మూత రోడ్డు కన్నా ఎత్తులో ఉందా, మురుగు ఎదురు తన్నకుండా లైనులో వాల్వు పెట్టారా అన్నవి తప్పక చూడాలి. సంపును నింపి, ఇన్‌లెట్ కట్టేసి, నీటిమట్టం దగ్గర గీత గీసి మరునాడు చూస్తే కారుతోందో లేదో తేలిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుకూ ఇదే పద్ధతి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి కూడా రోజుకు 20 లీటర్ల పైన పోగొడుతుంది కాబట్టి ఆ తేడా కంటికి ఆనుతుంది.

ఏ నెలలో చూశారన్నది కూడా ముఖ్యమే. సెప్టెంబరులో చూసిన బోరు నిండుగా పోస్తుంది. అదే బోరు ఏప్రిల్‌లో గంటకోసారి ఆగవచ్చు. ఎండాకాలం చూస్తే నీటి కొరత తెలుస్తుంది గానీ డాబా లీకేజీ, కాలువ ఎదురు తన్నడం తెలియవు. రెండు కాలాలూ ఆగి కొనడం ఎవరికీ కుదరదు. చూడని కాలం గురించి ఇరుగుపొరుగును అడగాలి, గత వేసవి ట్యాంకర్ల రసీదులు అసోసియేషను దగ్గర చూడాలి.

పూర్తి తనిఖీ అంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూద్దాం. మొదటి రోజు ఇంట్లో అన్ని కుళాయిలూ, షవర్లూ, ఫ్లష్‌లూ గంటపాటు వాడతారు. బాత్‌రూమ్ ట్రాపులు మూసి, గడప దాటకుండా రెండంగుళాల నీళ్లు నిలిపి 24 గంటలు వదిలేస్తారు. మరునాడు కింది ఫ్లాటు సీలింగు, బాత్‌రూమ్ వెనక గోడల అడుగు భాగం తడి కొలిచే మీటరుతో చూస్తారు. తర్వాత పైపుల పరీక్ష. ఇంటి మెయిన్ వాల్వు కట్టేసి, ఒక కుళాయి విప్పి దాని స్థానంలో ప్రెజర్ గేజి ఉన్న చేతిపంపు బిగించి, రోజువారీ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తారు. ముల్లు గంటసేపు కదలకపోతే లైను బాగున్నట్టు. మెల్లగా కిందికి జారుతుంటే గోడలో ఎక్కడో కారుతున్నట్టు. వేడినీళ్ల లైనును విడిగా పరీక్షించాలి, ఎందుకంటే ఎక్కువగా పోయేది అదే. పాత జీఐ లైనులో ఒత్తిడి బాగా ఎక్కిస్తే ఉన్న జాయింటు కూడా పోవచ్చు. అమ్మేవాళ్లు ఆ భయంతో వద్దంటే అది న్యాయమైన అభ్యంతరమే. అలాంటప్పుడు పైపులన్నీ మార్చాలన్న లెక్కతోనే ధర మాట్లాడుకోవడం మేలు. మురుగు లైనులో కెమెరా దింపి చూపించేవాళ్లు ఇప్పుడు పెద్ద నగరాల్లో దొరుకుతున్నారు. పెద్ద చెట్లున్న పాత ఇండిపెండెంట్ ఇళ్లకు ఆ ఖర్చు పెట్టవలసిందే. సిమెంటు జాయింట్ల పాత పైపుల్లోకి వేళ్లు దూరడం అక్కడ మామూలు.

టెక్సాస్‌లో ఇళ్లు కొనే తెలుగువాళ్లకు ఇదంతా కొత్త కాదు. అక్కడ కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ రాసుకుని, ఆ గడువులో ఇన్‌స్పెక్టరును పెట్టి, బంకమట్టి కదలికలకు స్లాబు కింద పైపులు విరిగాయేమో కూడా పరీక్ష చేయిస్తారు. లోపం కనబడితే బేరం తగ్గిస్తారు, లేదా తప్పుకుంటారు. గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో ఫ్లాటు కొనేటప్పుడు మాత్రం వాళ్లూ వీడియో కాల్‌లో గదులు చూసి డబ్బు పంపేస్తారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు ట్రాపులూ వాల్వులూ చూడగలరా? ఒక ప్లంబింగ్ కాంట్రాక్టరుకు రోజు కూలి ఇచ్చి, రాతపూర్వకంగా ఫోటోలతో రిపోర్టు తెప్పించుకోవడం అమెరికా నుంచి కూడా సాధ్యమే.

మన దగ్గర ఆప్షన్ పీరియడ్ ఆనవాయితీ లేదు. బయానాకూ రిజిస్ట్రేషనుకూ మధ్య నెలా రెండు నెలల గడువు మాత్రం ఉంటుంది. తనిఖీకి ఇదే అదను. సేల్ అగ్రిమెంటులోనే రెండు వాక్యాలు రాయించాలి. ప్లంబింగ్ తనిఖీకి ఇన్ని రోజుల్లోపు అనుమతిస్తారనీ, బయటపడిన లోపాలను రిజిస్ట్రేషనుకు ముందు అమ్మేవారు బాగుచేయిస్తారు లేదా ఆ మొత్తం ధరలో తగ్గిస్తారనీ. ఇల్లు ఖాళీగా ఉండి నీళ్ల పరీక్ష కుదరకపోతే, కొంత మొత్తం ఆపి, కాపురం పెట్టిన నెల తర్వాత చెల్లించేలా రాసుకోవచ్చు. బేరం చెడుతుందని జంకేవాళ్లు ఒకటి గమనించాలి. పైపులు బాగున్న ఇంటి యజమాని ఇందుకు పెద్దగా అడ్డుచెప్పడు.

తాళాలు తీసుకునే రోజు మెయిన్ వాల్వు, ఒక్కో బాత్‌రూమ్ వాల్వు ఎక్కడున్నాయో చూపించమని అడగాలి, ఒక్కోదాన్ని తిప్పి చూడాలి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు పట్టేసి ఉంటుంది, అర్ధరాత్రి పైపు పగిలిన రోజు అది తిరగదు. ప్లంబింగ్ డ్రాయింగు ఉంటే డాక్యుమెంట్లతో పాటే తీసుకోవాలి. కొత్త ఫ్లాటు బుక్ చేసినవాళ్లు గోడల ప్లాస్టరింగుకు ముందు సైటుకు వెళ్లి, ప్రతి గోడకూ టేపు ఆనించి పైపులు కనిపించేలా ఫోటోలు తీసి దాచుకోవాలి. మోడ్యులర్ కిచెన్ మేకులు దిగేది ఆ గోడల్లోకే.